కూతురి గుమ్మం ముందు సలాం

మన ఇళ్లలో కుమార్తె ఇల్లు మారడం అంటే నిన్నమొన్నటి వరకు ఒకే అర్థం ఉండేది. నికాహ్ జరుగుతుంది, రుఖ్సతీ జరుగుతుంది, అమ్మాయి పుట్టింటి నుంచి అత్తవారింటికి వెళుతుంది. ఆ రోజు ఎవరు ఏ పని చేయాలో, ఏ సామాను ఎవరు కొనాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో పెద్దలందరికీ తెలుసు. ఈ రెండిళ్ల నడుమ మూడో ఇల్లు ఒకటి వస్తుందని మా తరం ఊహించలేదు. ఇప్పుడది వచ్చింది. కర్నూలు, కడప, నెల్లూరు, గుంటూరు వంటి పట్టణాల్లో మన ఆడపిల్లలు డిగ్రీలు, ఇంజనీరింగులు పూర్తిచేసి ఉద్యోగం కోసం హైదరాబాద్ చేరుతున్నారు. కొంతకాలం హాస్టల్లో ఉండి, తర్వాత నలుగురు కలిసి అద్దె ఇల్లు తీసుకుంటున్నారు. ఆ ఇల్లు ఎవరిది? అందులో తల్లిదండ్రుల స్థానం ఏమిటి? ఈ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. దానిని మేము ఎలా ఎదుర్కొన్నామో చెబితే, రేపు ఇదే ప్రశ్న ఎదురయ్యే ఇళ్లకు కొంత ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇది ఫత్వా కాదు. మదర్సాలో పాఠం చెప్పుకునే ఒక తండ్రి అనుభవం మాత్రమే.

మా అమ్మాయి కర్నూలులో కంప్యూటర్ సైన్స్ చదివింది. హైదరాబాద్‌లోని గచ్చిబౌలి ప్రాంతంలో ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. మొదటి ఏడు నెలలు ఆడపిల్లల హాస్టల్లో ఉంది. అక్కడ ఒకే గదిలో నలుగురు. నమాజుకు చోటు కావాలంటే మంచాల మధ్య సామాను జరపాలి. రమజాన్‌లో సహరీ వేళకు వంటగది తాళం తీసేవారు ఉండేవారు కాదు. ఆమె, ఆమెతో పనిచేసే మరో ఇద్దరు ముస్లిం అమ్మాయిలు కలిసి చిన్న ఫ్లాటు తీసుకోవాలని అనుకున్నారు. ఆ మాట నాకు ఫోనులో చెప్పినప్పుడు, "అబ్బా, మీరు సరేనంటేనే" అంది.

నేను సరేననడానికి ముందు బంధువుల మాటలు వినవలసి వచ్చింది. "మదర్సాలో పాఠం చెప్పే మనిషివి, పెళ్లికాని పిల్లను నగరంలో వేరే ఇంట్లో పెడతావా?" అని మా ఆపా అడిగింది. ఆమె ఆందోళనలో ప్రేమ ఉంది. అందుకే దానిని తేలికగా కొట్టివేయలేదు. ఇంట్లో కూర్చుని ఒక్కొక్క అంశం విడదీసి ఆలోచించాము. ప్రయాణాల విషయంలో నేను చదువుకున్న ఫిఖహ్ ఏం చెబుతుందో నాకు తెలుసు. కనుక కర్నూలుకు వచ్చినా, తిరిగి వెళ్లినా నేనో, వాళ్ల అన్నో తోడుగా ఉంటాము. ఆ నియమాన్ని మా అమ్మాయే ముందుగా చెప్పింది. ఇక నివాసం సంగతి. నలుగురు అపరిచితులున్న హాస్టలు గది కంటే, నమాజు, పర్దా పాటించే ముగ్గురు అమ్మాయిలు కలిసి ఉండే ఇల్లు ధర్మానికి దగ్గరా, దూరమా? ఈ ప్రశ్నకు ఆపా వద్ద కూడా సమాధానం లేకపోయింది. మరొక సంగతి కూడా ఆమెకు గుర్తుచేశాను. నేను పన్నెండేళ్ల వయసులో ట్రంకు పెట్టెతో మదర్సా వసతి గృహానికి వెళ్లాను. ఆ రోజు ఎవరూ మా అబ్బాజాన్‌ను ప్రశ్నించలేదు. వయసులోనూ వివేకంలోనూ నాటి నా కంటే నేటి మా అమ్మాయి ఎంతో పెద్దది.

ఇల్లు వెతకడం మాకొక పాఠం అయింది. నేనూ మా అబ్బాయీ రెండు ఆదివారాలు తిరిగాము. మొదట ఆఫీసుకు దగ్గరి కాలనీల్లో చూశాము. ఫోనులో "ఖాళీ ఉంది, రండి" అన్నవారే, పేరు చెప్పగానే "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ" అన్నారు. ఒకచోట టులెట్ బోర్డు మా కళ్ల ముందే వేలాడుతోంది. మనసు చివుక్కుమంది. తర్వాత మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు వెళ్లాము. అక్కడ పేరు అడ్డం కాలేదు. "ఫ్యామిలీకే ఇస్తాం హజ్రత్, ఆడపిల్లలకు ఇవ్వం" అన్నారు. మొదటి తలుపు దగ్గర మా మతం అడ్డమైతే, రెండో తలుపు దగ్గర మా పిల్ల ఆడపిల్ల కావడమే అడ్డమైంది. మొదటి దాని గురించి మనం తరచుగా బాధపడతాము, అది న్యాయమే. రెండోది మన చేతిలో ఉన్న పని. ఈ పత్రిక చదివే ఇళ్లలో అద్దెకు ఇచ్చే గదులున్నవారు ఉంటారు. చదువుకున్న, ఉద్యోగం చేసుకునే ముగ్గురు అమ్మాయిలు మీ గుమ్మం ముందు నిలబడితే, వాళ్లను తిప్పి పంపే ముందు వాళ్లు ఆ రాత్రి ఎక్కడికి వెళతారో ఒక్కసారి ఆలోచించండి. వాళ్లకు నీడ ఇవ్వడం అద్దె ఆదాయంతో పాటు పుణ్యం కూడా తెస్తుంది.

చివరికి టోలీచౌకీలో ఒక ఇల్లు దొరికింది. కింది అంతస్తులో యజమానురాలు ఉంటారు. భర్త చనిపోయిన పెద్దావిడ. రెండో అంతస్తులోని ఫ్లాటుకు అద్దె 16,000 రూపాయలు, నిర్వహణ ఖర్చు 1,500. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇవ్వాలి. ముగ్గురు పంచుకుంటే నెలకు ఒక్కొక్కరికి ఆరు వేల లోపే పడుతుంది.

ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ పెద్దావిడ, "మన మధ్య కాగితాలెందుకు మౌలానా సాహెబ్, మీ మాట చాలదా?" అన్నారు. ఆమె మంచితనానికి కృతజ్ఞతలు చెప్పి, కాగితమే రాసుకుందామన్నాను. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వ ఆయత్, అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించి, సాక్షుల గురించి వివరిస్తుంది. ఇంత వివరంగా అల్లాహ్ బోధించిన విషయాన్ని మనం మొహమాటంతో పక్కన పెట్టకూడదు. రాసుకోవడం అనుమానానికి గుర్తు కాదు, సంబంధాన్ని కాపాడే కంచె. మన దేశ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించాలి. అందుకే చాలామంది 11 నెలలకు ఒప్పందం రాసుకుంటారు. మేమూ అలాగే రాసుకున్నాము. అద్దె ఎంత, ఏ తేదీలోగా చెల్లించాలి, ఖాళీ చేసే ముందు ఎన్నాళ్ల ముందుగా చెప్పాలి, అడ్వాన్సులోంచి రంగుల ఖర్చు ఎంత పట్టుకుంటారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ రోజు కరెంటు మీటరు రీడింగు రాసుకున్నాము. గోడమీద ముందే ఉన్న చెమ్మ మరకలనూ, పగిలిన వాష్‌బేసిన్ అంచునూ అందరి ముందు ఫొటో తీసుకున్నాము.

కిరాయిదారు పేరు దగ్గర పెద్దావిడ నా పేరు రాయబోయారు. "ఇంట్లో ఉండేది వాళ్లు, అద్దె కట్టేది వాళ్లు. వాళ్ల పేర్లే రాయండి. నేను సాక్షిగా సంతకం చేస్తాను" అన్నాను. మా అమ్మాయి కలం తీసుకుని రెండు పేజీలూ మొదటి నుంచి చివరి దాకా చదివి, ఒక అంకె తప్పు పడితే దిద్దించి, అప్పుడు సంతకం చేసింది. పురుషులు సంపాదించుకున్నదానిలో వారికి, స్త్రీలు సంపాదించుకున్నదానిలో వారికి వాటా ఉందని సూరా నిసా చెబుతుంది. ఆ ఆయత్‌ను ఎన్నో ఏళ్లు తరగతిలో వివరించాను. ఆ కాగితం మీద ఆమె సంతకం చూసినప్పుడు అది నా కళ్ల ముందు జరిగింది.

అడ్వాన్సులో తన వాటా నేను ఇస్తానంటే, "అప్పుగా రాసుకోండి అబ్బా, నెలనెలా తీరుస్తాను" అంది. నేను ఒప్పుకోలేదు. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి సెల్‌ఫోన్ రిపేరు దుకాణం పెట్టుకున్నప్పుడు 20,000 రూపాయలు ఇచ్చాను. అది తిరిగి అడగలేదు. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) చిన్నతనంలో ఆయన తండ్రి ఆయనకొక్కరికే కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగతా పిల్లలందరికీ అలాగే ఇచ్చారా అని ప్రవక్త (స) అడిగారు. లేదని తెలిసి, సాక్షిగా ఉండడానికి నిరాకరించి, సంతానం మధ్య న్యాయం పాటించమన్నారు. "కూతురికి ఎలాగూ పెళ్లికి ఖర్చుపెడతాం కదా" అని మన ఇళ్లలో ఒక మాట ఉంది. పెళ్లి విందు మనం మన గౌరవం కోసం చేసుకునేది. దానిని ఆమెకిచ్చిన కానుకగా లెక్క రాయడం సరికాదు. కాబట్టి మా అమ్మాయికి కూడా 20,000 ఇచ్చాను. అందులో అడ్వాన్సు వాటా పోగా మిగిలిన డబ్బుతో పరుపు, ప్రెషర్ కుక్కరు, ఒక చిన్న స్టీలు బీరువా కొనుక్కుంది.

ఒక ఆదివారం ఫజర్ నమాజు తర్వాత కర్నూలు నుంచి బయలుదేరాము. సామాను వేసుకున్న చిన్న ట్రాలీ ఆటోలో నేను, బస్సులో అమ్మాయి, వాళ్ల అమ్మీ, అన్న. తుంగభద్ర వంతెన దాటి, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. జుహర్ వేళకు చేరాము. నా శ్రీమతి ఒక సంసారానికి సరిపడా సర్దింది. 25 కిలోల సోనా మసూరి బస్తా, గోంగూర పచ్చడి, పల్లీల పొడి, ఎండు కొబ్బరి, పెనం, రెండు తపేలాలు, రోలు, నాలుగు దుప్పట్లు, తాను కుట్టిన జానమాజ్ ఉన్నాయి. రోలు రెండంతస్తులు ఎక్కించేసరికి మా అబ్బాయికి చెమటలు పట్టాయి. "అమ్మీ, మిక్సీ ఉంది" అని అమ్మాయి అంది. "కరెంటు పోతే?" అని వాళ్ల అమ్మీ అంది. రోలు ఉండిపోయింది.

వంటగది అలమరలో నేను డబ్బాలు సర్దడం మొదలుపెట్టాను. ఉప్పు, పప్పు కింద, పిండి పైన, మా ఇంట్లో ఉన్నట్టు. "అబ్బా, మా ముగ్గురిలో నేనే పొడుగు. పిండి పైన పెడితే వాళ్లకు అందదు" అంది. డబ్బాలు దించి ఆమె చేతికిచ్చాను. ఆ తర్వాత ఆమె చెప్పిన పని చేశాను. మేకులు కొట్టాను, కుళాయికి వాషరు మార్చాను, ఊచలు వదులైన కిటికీకి తీగ కట్టాను. గ్యాస్ సంగతి కూడా ముందే విచారించుకుంది. చిరునామా కాగితాలు అయ్యేవరకు, గుర్తింపు కార్డు చూపితే ఇచ్చే 5 కిలోల చిన్న సిలిండరు తెచ్చుకున్నారు. బస్సు విషయం కూడా తెలుసుకుంది. తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం ఉంది గాని, అది ఆ రాష్ట్ర నివాసులకే. ఆధార్‌లో కర్నూలు చిరునామా ఉన్నంతవరకు టికెట్ కొనవలసిందే. "ఒకటి రెండు నెలల్లో మార్చుకుంటాను. అప్పటివరకు హక్కులేని ఉచితం వద్దు" అంది. ఆ మాటకు నా మనసు నిండింది.

ఖిబ్లా దిశ మాత్రం నన్నే చూడమన్నారు. హైదరాబాద్ నుంచి మక్కా నేరుగా పడమరకు ఉండదు. పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరం వైపుకు ఉంటుంది. ఫోనులోని దిక్సూచితో సరిచూసి, గది నేలమీద చిన్న టేపు ముక్క అతికించాము. ఆ సాయంత్రం నా శ్రీమతి, ముగ్గురు అమ్మాయిలు ఆ గీత వెంట జానమాజ్‌లు పరచుకున్నారు. నేనూ మా అబ్బాయీ మగ్రిబ్‌కు వీధి చివరి మస్జిదుకు వెళ్లాము.

తిరిగి వచ్చేసరికి సేమియా ఖీర్ వండుతున్నారు. మొదటి గిన్నె ఎవరికివ్వాలని వాళ్లలో వాళ్లకు చర్చ. యజమానురాలికా, ఎదురింటికా? తనకు ఇద్దరు పొరుగువారు ఉన్నారని, ఎవరికి కానుక పంపాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే, ఎవరి తలుపు దగ్గరగా ఉంటే వారికని ప్రవక్త (స) చెప్పారు. ఎదురు తలుపు నాలుగు అడుగుల దూరంలో ఉంది. వాళ్లు నిజామాబాద్ నుంచి వచ్చిన శాకాహార హిందూ కుటుంబం. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన మళ్లీ మళ్లీ అడిగిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. పొరుగు హక్కుకు మతం అడ్డం రాదు. ఖీర్ గిన్నె మొదట ఎదురింటికే వెళ్లింది. మరునాడు ఆ గిన్నె సకినాలతో తిరిగి వచ్చింది. పేరు వినగానే ఇల్లు లేదన్న నగరంలోనే ఈ తలుపు కూడా ఉంది. పిల్లలకు రెండూ తెలియాలి.

ఇప్పుడు ఈ వ్యాసానికి కారణమైన విషయానికి వస్తాను. పెద్దావిడ నాలుగు తాళంచెవులు ఇచ్చారు. ముగ్గురికి మూడు, ఒకటి అదనం. బయలుదేరేముందు మా ఆపా ఫోను చేసి, "ఆ నాలుగోది నీ దగ్గరే ఉంచుకో తమ్ముడూ. ఎప్పుడైనా వెళ్లి చూసేలా ఉండాలి. సూరా నూర్‌లో తాళంచెవులు చేతిలో ఉన్న ఇళ్ల ప్రస్తావన లేదా?" అంది. ఆపా ఖుర్ఆన్ అర్థసహితంగా చదువుతుంది. ఆమె చెప్పింది నిజమే. సూరా నూర్ 61వ ఆయత్ ఎవరెవరి ఇళ్లలో భోజనం చేస్తే తప్పులేదో వరుసగా చెబుతుంది. స్వంత ఇళ్లు, తండ్రుల, తల్లుల, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల, పినతండ్రుల, మేనత్తల, మేనమామల, పినతల్లుల ఇళ్లు, తాళంచెవులు మన అధీనంలో ఉన్నవారి ఇళ్లు, స్నేహితుల ఇళ్లు. ఇందులో సంతానం ఇళ్ల పేరు విడిగా లేదు. అవి స్వంత ఇళ్లలోనే చేరి ఉన్నాయని వ్యాఖ్యాతలు వివరించారు. ఎంత ఆప్యాయమైన వివరణ! కూతురి అన్నం తినడానికి తండ్రికి సంకోచం అక్కరలేదు.

అయితే ఆ ఆయత్ భోజనం గురించినది. ప్రవేశం గురించి అదే సూరాలో 27, 28 ఆయత్‌లు ఉన్నాయి. ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొందకుండా, సలాం చేయకుండా వెళ్లరాదు. తిరిగి వెళ్లమంటే తిరిగి వెళ్లాలి. ఇంకా ముందుకు చూడండి. తల్లితో ఒకే ఇంట్లో ఉంటున్న వ్యక్తి, ఆమె వద్దకు వెళ్లడానికీ అనుమతి అడగాలా అని ప్రశ్నిస్తే, అడగాలనే ప్రవక్త (స) చెప్పినట్లు ఇమామ్ మాలిక్ (రహ్) ముఅత్తాలో ఉంది. ఒకే కప్పు కింద ఉన్న తల్లి విషయంలోనే ఇంత మర్యాద నేర్పిన ధర్మం, వేరే ఊళ్లో, వేరే తలుపు వెనుక ఉన్న కుమార్తె విషయంలో మనల్ని మినహాయిస్తుందా? పైగా ఆ ఇంట్లో మా అమ్మాయి ఒక్కతే లేదు. మిగతా ఇద్దరికీ నేను మహ్రమ్‌ను కాను. తాళం తీసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టే హక్కు నాకు ఏ విధంగానూ లేదు. ఆపాకు ఇదంతా చెప్పాను. కొంతసేపు మౌనంగా ఉండి, "ఆ ఇద్దరి సంగతి నేను ఆలోచించలేదు" అంది. "మరి ఆపద వస్తే?" అని అడిగింది. అది సరైన ప్రశ్న. ఆ అమ్మాయిలే కూర్చుని నిర్ణయించుకున్నారు. నాలుగో తాళంచెవి కింది అంతస్తులోని పెద్దావిడ దగ్గర ఉంటుంది. అవసరం వస్తే ఆమె ఒక నిమిషంలో పైకి చేరగలరు. నేను కర్నూలు నుంచి చేరాలంటే నాలుగైదు గంటలు పడుతుంది.

తాళంచెవి ఉంటే పిల్లలు మన భయంతో సరిగ్గా ఉంటారని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నాను. బెత్తం కనబడినంతసేపు సర్దుకుని కూర్చునే పిల్లవాడు, బెత్తం పక్కన పెట్టగానే ఎలా ఉంటాడో నాకు తెలుసు. గదిలో ఎవరూ లేనప్పుడు కూడా అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ పిల్లల్లో ఉంటే, తండ్రి చేతిలో తాళంచెవి అవసరం లేదు. ఆ స్పృహను ఇరవై రెండేళ్లలో ఇంట్లో నాటకపోతే, తాళంచెవి ఏమీ చేయలేదు.

ఇది పిల్లలను వదిలివేయడం కాదు. హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారులను ఈజిప్టుకు పంపుతూ ఏం చేశారో సూరా యూసుఫ్‌లో చూడండి. అందరూ ఒకే ద్వారం గుండా కాక, వేర్వేరు ద్వారాల గుండా నగరంలో ప్రవేశించమని చెప్పారు. నగరం ఎలాంటిదో, అపాయం ఎటునుంచి రావచ్చో ఆలోచించి ఇచ్చిన ఆచరణాత్మకమైన సలహా అది. వెంటనే, అల్లాహ్ నిర్ణయం నుంచి మిమ్మల్ని నేను తప్పించలేనని, ఆయనపైనే భారం వేశానని అన్నారు. తండ్రి పని ఈ రెండు మాటల్లో ఉంది. చేయగలిగిన జాగ్రత్త చేయాలి, చేతిలో లేనిదాన్ని అల్లాహ్‌కు అప్పగించాలి.

రెండు నెలల తర్వాత పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు ముందురోజే ఫోను చేసి చెప్పాను. అస్ర్ తర్వాత తలుపు ముందు నిలబడి సలాం చేశాను. లోపలినుంచి, "రెండు నిమిషాలు, అబ్బా" అని వినబడింది. మిగతా ఇద్దరూ తమ గదిలోకి వెళ్లేవరకు మెట్ల దగ్గర నిలబడ్డాను. ఎదురింటివారి చిన్నబాబు తలుపు సందులోంచి నా గడ్డం వైపు ఆశ్చర్యంగా చూస్తూ ఉన్నాడు. తలుపు తెరుచుకుంది. లోపల జొన్న రొట్టె, పప్పు, మా ఇంటి గోంగూర పచ్చడి. పచ్చిమిర్చి మాత్రం ఆ రోట్లోనే నూరిందట. కడుపునిండా తిన్నాను, ఎలాంటి సంకోచం లేకుండా.

ఇలాంటి రోజు మీ ఇంటికి వస్తే, సోదర సోదరీమణులారా, ఒప్పందం రాయించండి, కుళాయి బాగుచేయండి, పొరుగువారిని పరిచయం చేయండి, కానుకల్లో కొడుకునూ కూతురినీ సమానంగా చూడండి. తర్వాత గుమ్మం బయట నిలబడి సలాం చేయడం అలవాటు చేసుకోండి. లోపలినుంచి వచ్చే జవాబు మన పెంపకానికి వచ్చే జవాబు. మన పిల్లలు ఉన్న ప్రతి ఇంటినీ అల్లాహ్ శాంతితో, ధర్మసమ్మతమైన ఉపాధితో నింపుగాక. వాళ్ల తలుపులు మన కోసం ప్రేమతో తెరుచుకునేలా చేయుగాక. ఆమీన్.